మా నాయన గోళ్ళల్లో సబ్బు

మా చిన్నప్పుడు... సాయంత్రం వర్క్‌షాపు సైరను మోగిన కాసేపటికి మా పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఏ పెరట్లో చూసినా ఒకటే వాసన. కిరసనాయిలు!

మా నాయన రైలింజన్ల ఫిట్టరు. పొద్దున తెల్లగా వెళ్ళిన మనిషి సాయంత్రానికి మోచేతుల దాకా నల్లటి మడ్డితో తిరిగొచ్చేవాడు. పెరట్లో పీట వేసుకుని ముందు కిరసనాయిలు, తర్వాత బూడిద, ఆపైన సీకాయ పొడి... అరగంట తోముడు. అంట్లు తోమడానికి మా అమ్మకి కూడా అంతసేపు పట్టేది కాదు. ఇంత చేసినా గోళ్ళ సందుల్లో నలుపు, చేతులకి ఆ వాసన అలాగే ఉండేవి.

మేమెవరం పట్టించుకునేవాళ్ళం కాదు. పట్టించుకున్నది ఒక్కడే... ఆర్నెల్లు కూడా నిండని మా తమ్ముడు.

నాయన చెయ్యి మొహం దగ్గరికొచ్చిందా, వాడు ముక్కు చిట్లించి, పెదవి విరిచి, నాలుగిళ్ళకి వినపడేలా రాగం తీసేవాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. నాయన కూడా నవ్వేవాడు గానీ, చెయ్యి మాత్రం గబుక్కున వెనక్కి తీసుకునేవాడు... పాపం.

ఇంతలో వాడి అన్నప్రాసనకి ముహూర్తం పెట్టారు. ఇంకా ఇరవై రోజులుంది. మా ఇళ్ళల్లో తొలి పాయసం తండ్రి తన వేలితోనే బిడ్డ నాలుకకి రాయాలి. చెంచాలూ గించాలూ కుదరవు. ఆ వేళప్పుడు బిడ్డ ఏడిస్తే జన్మంతా అన్నం దగ్గర పేచీయేనని మా అవ్వకి, అంటే నాయన వాళ్ళమ్మకి, గట్టి నమ్మకం.

"రామయ్యా, నువ్వు పెడితే వీడు ఏడ్చేది ఖాయం. మేనమామ చేత పెట్టిస్తాం, సరేనా?" అనింది అవ్వ.

"సరేమ్మా" అన్నాడు నాయన. అంతే. ఆ రోజు మాత్రం ఇంకో అరగంట తోముకున్నాడు. వేళ్ళ కణుపులు ఎర్రబడి పగిలాయి. చూసి నాకు ఏడుపొచ్చింది. కన్నకొడుక్కి తొలి ముద్ద పెట్టుకోలేకపోవడం ఏమిటండీ!

నేను ఊరుకునే రకమా? మర్నాడు అమ్మ పౌడరు డబ్బా ఎత్తి నాయన చేతుల మీద కుమ్మరించాను. తమ్ముడు ఈసారి వెంటనే ఏడవలేదు... వరసగా ఐదు తుమ్ములు తుమ్మి, ఆ తర్వాత ఏడ్చాడు. నాకు వీపు మీద ఒకటి పడింది.

చివరికి దారి దొరికింది వంటింట్లో. ఒక శనివారం సాయంత్రం అవ్వ కత్తిపీట ముందు కూర్చుని, పనసకాయ కోసే ముందు చేతులకి కొబ్బరినూనె పూసుకుంటోంది. ఎందుకవ్వా అని అడిగాను.

"ముందే నూనె పూస్తే జిగురు అంటదు మే. అంటినాక ఎంత తోమినా యాడ పోతుంది?" అనేసి, టక్కున ఆగిపోయింది. పెరట్లో చేతులు తోముకుంటున్న కొడుకు వైపు చూసింది.

"ఒరే రామయ్యా! ఇన్నేండ్లుగా పనసకాయలు కోస్తా ఉండాను, నాకీ బుద్ధి లేకపోయెనే! మడ్డి అంటినాక కాదురా, అంటకముందే చెయ్యి చూసుకోవాల!"

సోమవారం నాయన ఉత్సాహం పట్టలేక గరిటెడు నూనె పట్టించుకుని పనికి వెళ్ళాడు. స్పానరు పట్టుకుంటే చేపలా జారి మేస్త్రి కాళ్ళ ముందు పడిందట. కాలి మీద పడలేదు కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి చెబితే అవ్వ తల బాదుకుంది.

"చేతికి రాయమంటే తలంటు పోసుకుంటివా? నాలుగు చుక్కలు చాలు. బాగా ఇంకేదాకా రుద్ది, గుడ్డతో తుడుచుకోని పో!"

గోళ్ళ సంగతి అమ్మ చూసుకుంది. "పొయ్యే ముందు బట్టల సబ్బుని బాగా గోకండి. సందుల్లో సబ్బు నిండినాక మడ్డి యాడ దూరుతుంది?" అనింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే సబ్బు పట్టుకునే ఉద్యోగం నాది. నాయన బర్రుబర్రున గోకుతుంటే నాకు చక్కిలిగిలి పెట్టినట్టుండేది. సాయంత్రం పని దిగగానే వడ్రంగుల దగ్గర రంపపు పొట్టు తెచ్చుకుని చేతులు రుద్దుకునేవాడు. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుంటే గోళ్ళలో సబ్బు కరిగి నలుపంతా దాంతోపాటే పోయేది. కిరసనాయిలు సీసా ఇక దీపాలకే!

అన్నప్రాసన రోజు వచ్చింది. ఎందుకైనా మంచిదని అవ్వ మా మామని కూడా పక్కనే కూర్చోబెట్టింది. నాయన నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి "చూడు మే" అన్నాడు మెల్లగా. వాసన చూసి సరేనని తలాడించాను.

పాయసం వేలు తమ్ముడి పెదవికి తగిలింది. వాడు ముక్కు చిట్లించాడు. అయిపోయింది, అనుకున్నాను.

వాడు నాలుక చాపి చప్పరించాడు. ఇంకోసారి చప్పరించాడు. రెండు చేతులతో నాయన చెయ్యి పట్టుకుని వేలు మొత్తం నోట్లో పెట్టేసుకున్నాడు! పాయసం ఎప్పుడో అయిపోయింది, వాడు వదిలితేగా! నాయన మెల్లగా వేలు తీసుకోబోతే... అప్పుడు ఎత్తుకున్నాడు రాగం.

"ఏడ్చినాడే అమ్మా!" అన్నాడు నాయన బిక్కమొహం వేసుకుని.

"పిచ్చోడా, అది ఇంకా కావాలనే ఏడుపురా! రొంబ మంచిది, శానా మంచిది! పెట్టు, మళ్ళీ పెట్టు!" అనింది అవ్వ.

నాయన మళ్ళీ పెట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రుద్దుకున్నాడు. నా జన్మలో అంత సంతోషం నేను మళ్ళీ కొద్దిసార్లే చూశాను.

ఇప్పుడు మా వీధి మెకానిక్కులు రబ్బరు తొడుగులు వేసుకుంటున్నారు. డబ్బాలో ఏదో క్రీము ఉంటుంది, రాసి కడిగితే చేతులు నిమిషంలో మెరిసిపోతాయి. మంచిదే... ఏ తండ్రి చేతులూ పగలకూడదు. కానీ ఆ రోజుల్లో చెయ్యి చూస్తే మనిషి చేసే పని తెలిసిపోయేది. వర్క్‌షాపు చెయ్యి, అద్దకం చెయ్యి, అచ్చాఫీసు చెయ్యి. ఇప్పుడు అందరి చేతులూ ఒకేలా ఉంటున్నాయి.

మీ నాన్నగారి చెయ్యి ఎలా ఉండేది? ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని తలుచుకుని... చెప్పరూ.