చింతపిక్కల చుట్టరికాలు

మొన్న హైదరాబాదులో ఒక దుకాణం ముందు కొత్త గోనెసంచి కుట్టు విప్పుతుంటే వచ్చిన వాసనకి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. జనపనార, ఎండుమిర్చి, బెల్లం కలిసిన ఆ వాసన నరసాపురంలో మా ఇంటి వాసన. ముందు కిరాణా కొట్టు, వెనక మేము. వేసవిలో పెరట్లో చాపల మీద పొర మీద పొరగా ఆరే మామిడి తాండ్ర, వానాకాలం సాయంత్రాల్లో మూత కింద ఎర్రగా కాలే మినపరొట్టె, అట్లతద్దినాడు తెల్లారకముందే లేపి గోంగూర పచ్చడితో, గడ్డపెరుగుతో పెట్టే అన్నం, ఆ తరవాత వీధిలో ఆటలు, ఉయ్యాలలు... అన్నిటి వెనకా సూరత్తయ్య చెయ్యి ఉండేది. మామ్మకి చనిపోయిన చెల్లెలి కూతురని, నాన్నకి అక్క వరసని చెప్పేవారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "మీ జడలు ఎవరేస్తారే?" అనేది.

మా ఇంట్లో అనుమానం ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడేది. మామ్మ పాలచుక్క గోటి మీద నిలబెట్టి, జారిపోతే పాలవాణ్ణి వెనక్కి పంపేది. నాన్న చింతపండు బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి కెలికితే తప్ప బేరం మొదలెట్టేవారు కాదు. చుట్టాలు నవ్వుతూ వస్తే, ఏం పని పడి వచ్చారోనని లోపల గుసగుసలు.

అలాంటి వీధిలోకి, ఎమర్జెన్సీ రోజుల్లో, ఎదురింటి మేడగదికి వసుంధరగారు అద్దెకొచ్చారు. విశాఖపట్నం నుంచి, ఒక్కరే, చేతిలో గొడుగుతో. ఏం చేస్తారని అడిగితే, "మనుషుల గురించి చదువుతున్నానండీ" అన్నారు. మనుషుల గురించి చదవడానికేముంటుందని వీధి వీధంతా ఆశ్చర్యపోయింది. కుటుంబ నియంత్రణ వాళ్ళు పంపారని లేసు అల్లే ఆడవాళ్ళు అనుకున్నారు. ఆవిడ దగ్గరికొస్తే దారపుండ ఒళ్ళో దాచుకుని మాట ఆపేసేవారు. నాన్న మాత్రం సేల్స్‌టాక్సు వాళ్ళ మనిషని తేల్చేశారు.

"ఎవరింట్లో ఎవరు తింటారు, ఎవర్ని ఏమని పిలుస్తారు... ఇవీ ప్రశ్నలేనా? అసలు ప్రశ్న వెనకాల వస్తుంది చూడు" అనేవారు.

పిల్లలం మాకు మాత్రం ఆవిడ దగ్గర ఆట దొరికింది. చింతపిక్కలు ఆడవాళ్ళు, గవ్వలు మగవాళ్ళు. తల్లిదండ్రుల్ని పైన, పిల్లల్ని కింద పేర్చి, ఎవరికెవరు ఏమవుతారో చెప్పాలి. నేను మా ఇల్లంతా పేర్చాను. సూరత్తయ్య పిక్క పైన మాత్రం ఖాళీ మిగిలింది.

"వాళ్ళమ్మ పేరేంటమ్మా?" అన్నారు వసుంధరగారు. తెలీదన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "పోనీలే, ఇంట్లో అడక్కు" అంటూ పిక్కలన్నీ గబగబా కలిపేశారు. అడగొద్దన్నందుకే నాకు అనుమానం పుట్టింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను. మామ్మ "కనకం" అంది. అదే నిమిషంలో నాన్న "రత్తమ్మ" అన్నారు. సూరత్తయ్య గరిటె మాత్రం ఆగలేదు, పప్పు వడ్డిస్తూనే ఉంది.

బాబాయికి తణుకు సంబంధం దాదాపు కుదిరిన రోజులవి. పిల్లనిచ్చేవాళ్ళు ఏడు తరాలు తవ్వే రకం. సాయంత్రానికే నాన్న ఎదురింటాయనతో మాట్లాడొచ్చారు. వసుంధరగారికి పాలు ఆగిపోయాయి, నీళ్ళు మోసే మనిషి రాలేదు. రెండ్రోజులు తిరక్కుండానే ఎదురింటి వాకిట్లో రిక్షా, రిక్షాలో ఆవిడ పెట్టె. వీధి వీధంతా అరుగుల మీద నిలబడి చూస్తోంది.

సూరత్తయ్య మెట్లు దిగి వెళ్ళి రిక్షా పట్టుకుంది.

"ఆవిణ్ణెందుకు తరుముతారు? దాచింది మనం కదా" అంది.

"సూరీ, లోపలికి రా!" అంది మామ్మ.

"గాలివాన వెలిసిన మర్నాడు రేవులో ఏడుస్తున్నానమ్మా" అంది సూరత్తయ్య, వసుంధరగారితోనే చెబుతున్నట్టు, వీధికంతా వినపడేలా. "పెదనాన్న ఎత్తుకొచ్చారు. మావాళ్ళ కోసం పాపం చాలా వాకబు చేశారు. ఎవరూ రాలేదు."

పెదనాన్న అంటే మా తాతయ్య. అప్పటికి ఆయన లేరు.

మామ్మ ఒక మెట్టు దిగి వచ్చింది. "నీకెవరు చెప్పారే?"

"ఒకరు చెప్పాలా పెద్దమ్మా? నాకు గుర్తే. మా అమ్మ వల బాగుచేసుకుంటుంటే పక్కన కూచునేదాన్ని. ఆ వల వాసన కూడా గుర్తే."

వల అన్న మాటకి అరుగుల మీద కదలిక మొదలైంది. మడి కట్టుకుని మా ఇంటి దేవుడికి నైవేద్యం వండిన చెయ్యి అది.

"మరి ఇన్నేళ్ళూ నోరెత్తలేదేం?"

"గుర్తుందంటే పంపేస్తారేమోనని."

మామ్మ మెట్టు మీద కూలబడింది. "నీకు తెలిస్తే వెళ్ళిపోతావేమోనని మేమూ..." అని, మిగతాది కొంగులో కుక్కుకుంది.

వసుంధరగారు ఆ రోజే వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు నాన్నతో, "ఆదిమానవుడికి కొత్తమొహం కనిపిస్తే ప్రాణభయమండీ. ఆ అనుమానం మనకింకా పోలేదు. కానీ దిక్కులేని బిడ్డకి ముద్ద పెట్టడం కూడా అంత పాత అలవాటే" అన్నారు. నాన్న తలూపి, ఆవిడ సందు మలుపు తిరిగాక, "పుస్తకాల మాటలు" అనేశారు. నేనూ ఆవిడ మాటని ఈనాటికీ సగమే నమ్ముతాను. తణుకు సంబంధం తప్పిపోయింది. కొన్నేళ్ళపాటు దగ్గరి చుట్టాలే మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సూరత్తయ్య తనే వంటింటి గడప దాటడం మానేస్తే, మామ్మ పొద్దున్నుంచి పస్తుండి, "ఇంకొకళ్ళు వండితే ఉప్పెంతేస్తారో నాకేం తెలుసు?" అని గొణిగింది. ఆ మధ్యాహ్నం పొయ్యి మళ్ళీ సూరత్తయ్యే వెలిగించింది.

కానీ అనుమానం పోలేదు, మరో రూపం ఎత్తింది. సూరత్తయ్య రేవువైపు ఏ పని మీద బయల్దేరినా, మామ్మ నన్ను వెంట తోలేది. గోదావరి దాటించే పంటు దిగి జనం ఒడ్డెక్కుతుంటే సూరత్తయ్య ఒక్కొక్క మొహాన్నీ కాసేపు చూసి, "పద, ముసలమ్మ కంగారుపడుతుంది" అనేది. మేం సందు తిరిగేసరికి మామ్మ కొట్టు ముందు నిలబడి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూస్తుండేది. మమ్మల్ని చూడగానే, "ఇంత ఆలస్యమేంటే?" అని కసిరి లోపలికి వెళ్ళిపోయేది.

ఇద్దరూ పోయారు. ఆ కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఇక్కడ మా అపార్టుమెంటులో ప్రతి తలుపుకీ ఒక అద్దపు కన్ను ఉంది, వచ్చేవాళ్ళని అనుమానంగా చూడ్డానికి. నేను ఎంత పొద్దుపోయి వచ్చినా, ఇక తిరిగి రానేమోనని అనుమానపడే మనిషి మాత్రం లేదు.