గాజుపలక మీద పూడ్చిన బెజ్జం

మొన్న పొద్దుగూకే వేళ, వనపర్తిలో మా కూతురింటి మిద్దె మీద, డిగ్రీ చదువుతున్న మనుమరాలు కాలేజీ నుంచి అడిగి తెచ్చుకున్న టెలిస్కోపు మూతికి ఒక తెల్లటి నూలుగుడ్డను ముడతల్లేకుండా బిగించి కట్టి, ఆకాశంలో ఇంకా మిగిలి ఉన్న వెలుతురుకు వరసగా ఫోటోలు తీస్తుంటే, పక్కనే కుర్చీలో ఉన్న నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. కంప్యూటరు తెర మీద ఆ ఖాళీ బొమ్మలో అక్కడక్కడా గారెల్లాంటి మసక మచ్చలు కనబడ్డాయి. కెమెరా అద్దం మీది దుమ్ము నీడలవి, నాకు తెలియనివి కావు. కొంగు చేతిలోకి తీసుకుని లేచాను. "నానీ, తుడవకు! జర ఆగు, అది గట్లనే ఉండాలె" అని అరిచింది పిల్ల. ఏ మచ్చ ఎంత వెలుతురు మింగుతోందో ఈ ఖాళీ బొమ్మలో ముందే పట్టుకుంటే, తరువాత తీసే నక్షత్రాల బొమ్మను దీనితో భాగించి ఆ లోటు భర్తీ చేయవచ్చునట. ఇప్పుడు తుడిస్తే మచ్చలు చోటు మారి, తీసినవన్నీ దండగవుతాయట. మూత పెట్టి చీకటి ఫోటోలు కూడా తీస్తారట, కెమెరా తనంతట తాను పుట్టించే మసకను తీసివేయడానికి. ఇంత చేసినా అసలు బొమ్మను ముట్టుకోరు, దిద్దినదాన్ని వేరే దాచుకుంటారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు.

నా ఈడువాళ్ళకు ఫోటో స్టూడియోల్లో నెగెటివులు దిద్దే పని గుర్తుండే ఉంటుంది. గద్వాలలో మా అబ్బాది, అంటే మా నాన్నది, ఒక చిన్న స్టూడియో. ధరూరు వైపు పల్లెల నుంచి సంబంధాలకు పంపే ఫోటోల కోసం ఆడపిల్లలను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు. నెగెటివు పొరలో సూదిమొనంత బెజ్జం ఉన్నా, కాగితం మీదికి వచ్చేసరికి అది బుగ్గ మీద నల్లచుక్కయి కూర్చుంటుంది. సన్నటి కుంచె కొనను నాలుకకు తాకించి, సిరాలో ముంచి, ఆ బెజ్జాన్ని పూడ్చేయాలి. "బెజ్జం కనవడ్డదంటే చెయ్యి ఆగొద్దు బిడ్డా, మొఖం పాడైతే మనల్నే అంటరు" అనేవారు అబ్బా. పదేళ్ళ వయసులో మొదలుపెట్టిన ఆ పని, పెళ్ళీడుకు వచ్చేసరికి, మనసుకు తెలియకముందే చేయి చేసేసే అలవాటుగా మారిపోయింది.

తరువాత అబ్బాకు చేయి వణకడం మొదలైంది. స్టూడియో మూతపడే స్థితికి వచ్చింది. అదే సమయంలో హైదరాబాదులో ఒక ఖగోళ పరిశోధనశాలలో, నెగెటివులు చూడడం అలవాటున్న మనిషి కావాలంటే, తెలిసినవాళ్ళ ద్వారా నేను చేరాను. పని తాత్కాలికమే, పనిచేసి మెప్పిస్తే ఖాయం చేస్తామన్నారు. టెలిస్కోపుతో ఆకాశాన్ని గాజుపలకల మీద తీసేవారు. ఆ పలక మీద ఆకాశం తేటగా, నక్షత్రాలు నల్లటి చుక్కలుగా ఉంటాయి. చుక్క ఎంత పెద్దదీ, ఎంత నల్లనిదీ అయితే నక్షత్రానికి అంత వెలుగు. అయితే ఒక్కో పలక ఒక్కో తీరున నల్లబడుతుంది కాబట్టి, వెలుగు ముందే తెలిసిన పొరుగు నక్షత్రాల చుట్టూ, మందు పొర లేని గాజువైపున సిరాతో సున్నాలు చుట్టి, వాటితో పోల్చి మనకు కావలసినదాన్ని కొలవాలి. స్థానం కూడా అంతే, ఆ పొరుగువాళ్ళ నుంచి ఎంత దూరమో సూక్ష్మదర్శినిలో చూస్తూ మరను తిప్పి అంకె చదవాలి. పగలంతా ఆ గదిలో కళ్ళు చికిలిస్తూ కూర్చోవడం నాకు హాయిగానే ఉండేది.

మా పెద్దసారు ఒక నక్షత్రం మీద ఏళ్ళ తరబడి పని చేస్తున్నారు. అది మెల్లగా మసకబారి మెల్లగా వెలిగే రకం. ఒకరోజు నేను కొలిచిన పలకలో అది ఉన్నట్టుండి బాగా వెలిగినట్టు వచ్చింది. సారు సంబరానికి అంతు లేదు. నా చేత మళ్ళీ కొలిపించి, విదేశాల వాళ్ళకు తెలపడానికి ఉత్తరం టైపు చేయించి బల్ల మీద పెట్టుకున్నారు. ఖాయమయ్యేవాళ్ళ జాబితాలో నా పేరు కూడా రాశారని ఎవరో చెవిన వేశారు. ఆ సాయంత్రం సారు నా కొలతల కాగితం చూస్తూ, నక్షత్రం వెలగొచ్చు కానీ వెంట్రుకవాసి పక్కకు ఎందుకు జరిగిందీ అని తనలో తానే అనుకున్నారు.

ఆ మాట నా చెవిన పడింది. సారు వెళ్ళాక పలకను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూశాను. నల్లచుక్క అంచున సిరా తడి ఆరిన మెరుపు, నా మెరుపే, కనబడింది. సున్నాలు చుట్టడానికి తీసిన కుంచెతోనే, చుక్కను ఆనుకుని పొరలో ఉన్న బెజ్జాన్ని నేను పూడ్చేశాను. సిరా కలిసి చుక్క పెద్దదయింది, దాని నడిమి పక్కకు జరిగింది. చేసినట్టు నాకు గుర్తు కూడా లేదు. గాజు మీది సిరా తుడిస్తే పోతుంది, పొరలోకి ఇంకింది పోదు. ఆ రాత్రీ మర్నాడూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఊరుకుంటే నా ఉద్యోగం నిలుస్తుంది, అబ్బా మందులకు లోటు ఉండదు. ఉత్తరం పోస్టులో పడితే, నా కొలతను నమ్మిన సారు పేరు పదిమందిలో పోతుంది. చివరికి టపా కట్టే వేళకు వెళ్ళి, ఏడుస్తూ, "నా చెయ్యే చేసింది సార్, నాకే తెల్వదు" అని చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కటే అడిగారు, ఇంకెన్ని పలకల మీద ఇలా చేశావమ్మా అని. కుంచె, సిరా నా బల్ల మీది నుంచి తీసేశారు. ఖాయం కావడం మరో ఏడాది వెనక్కి పోయింది, దానికి నేను ఏనాడూ బాధపడలేదు. నేను ముట్టుకున్న ప్రతి పలకనూ ఎనిమిది నెలలపాటు కిటికీ దగ్గర వంచి చూస్తే మరో మూడు బయటపడ్డాయి. ఒక్కటి మాత్రం దొరకలేదు. పై ఊరికి పంపినప్పుడు దారిలో పగిలిపోయిందన్నారు. దాని మీద నేను తీసిన అంకె అప్పటికే అచ్చైన పట్టికలో ఉంది. అది నక్షత్రం వెలుగో నా సిరానో నాకు తెలియదు. ఉద్యోగం చేసినంత కాలమూ, నాగర్‌కర్నూలులో స్థిరపడ్డాక కూడా ఆ అంకె నన్ను వదల్లేదు. సారు పోయారని తెలిసినప్పుడు ఏడుపుకన్నా ముందు అదే గుర్తుకొచ్చింది.

మిద్దె మీది ఆ సాయంత్రం తరువాత ఇక ఆగలేక, నాగర్‌కర్నూలు ఇంటికి రాగానే నేను పనిచేసిన ఆ ఆఫీసుకు ఫోను చేశాను. ఎత్తిన అబ్బాయి మంచివాడు, పలక నంబరుతో సహా నా గోడంతా ఓపిగ్గా విన్నాడు. ఆ పట్టికను ఇప్పుడెవరూ తీయరని, ఆ నక్షత్రాన్ని మబ్బు లేని ప్రతి రాత్రీ యంత్రాలే కొలుస్తున్నాయని, ఒక్క అంకె తప్పైనా వేల అంకెల్లో దానంతటదే తేలిపోతుందని, నేను నిశ్చింతగా ఉండవచ్చునని చెప్పాడు. మంచిదే కదా. మా కాలంలో ఒక్క కుంచె తాకిడికి ఒక మనిషి పేరు పోయేది, ఇప్పుడు పిల్లలు ఎన్నిసార్లు తప్పు దిద్దినా అసలు బొమ్మ భద్రంగా ఉంటుంది. ఫోను పెట్టేశాక తేలికపడాలి. కానీ ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాను. ఆ అబ్బాయి రెండు తిట్లు తిట్టి, పట్టికలో ఆ అంకె మీద ఒక గీత కొట్టి ఉంటే నాకు ఎంతో బాగుండేది.