ఆషాఢంలో అమ్మ వేలిముద్ర

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, చివరికి నా డైరీకి కూడా. ఆ ఆషాఢ మాసంలో, మధ్యాహ్నం నిద్రపోతున్న మా అమ్మ పది వేళ్లకూ గోరింటాకు పెట్టింది పక్కింటి అత్త కాదు. నేను.

ఆ వారమంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఏలూరులో మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తయింది. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా సీటొచ్చింది. గట్టిగా అరవాలని ఉండేది. నాకు అరవడం చేతకాదు కనుక పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని.

ఒక్కటే మిగిలింది. డిప్లొమాకి వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ దానంతట అదే కొత్త కాలేజీకి వెంట రాదు. కోర్సు మారింది కాబట్టి కొత్త దరఖాస్తు పెట్టాలి, అది తల్లి పేరు మీదే కనుక అమ్మ వేలిముద్ర పడాలి. శనివారం సాయంత్రం ఐదింటికి ఆఖరు గడువు. పడకపోతే ఆ సీటు వదులుకోవడమే.

అమ్మ రొయ్యలు వలిచే షెడ్డులో పని చేస్తుంది. ఐసు నీళ్లలో ఏళ్ల తరబడి వలిచి వలిచి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మంగళవారం కొల్లేటికోట గ్రామ సచివాలయంలో ఏ వేలు పెట్టినా మిషన్ ఒప్పుకోలేదు.

అక్కడ కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, అమ్మతో అంది: "మూడు రోజులు రొయ్యల జోలికి వెళ్లకండి అమ్మగారూ. పొద్దున్నా సాయంత్రం కొబ్బరినూనె రాసుకోండి. గీతలు కాస్త తేల్తాయి. శుక్రవారం రండి."

ఇంకేముంది, అమ్మ పెళ్లికూతురిలా మంచమెక్కింది. నాన్న చేపల పులుసు పెడితే చేతులు గాల్లో పెట్టుకుని, "ఉప్పేదండీ? కొల్లేట్లో కలిపేశారా?" అని అడిగింది.

"రేపు నువ్వే వండుకో, మహారాణీ," అన్నాడు నాన్న.

"రేపు కూడా నా చేతులు గవర్నమెంటు వారివండీ."

గురువారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోయింది. పక్కన కూర్చుని చదువుకుంటున్నాను గాని చూపు పేజీ మీద ఆగలేదు. పని లేకుండా పడి ఉన్న అమ్మ చేతుల్ని నేనెప్పుడూ చూడలేదు. ఊళ్లో అందరూ ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటారు, అమ్మకి మాత్రం ఎప్పుడూ తీరిక ఉండదు. పక్కింటి అత్త రుబ్బి పంపిన ముద్ద గిన్నెలో ఉంది. సంతోషంలో మనిషికి బుర్ర పని చెయ్యదు. పది వేళ్లకూ నిండుగా టోపీలు తొడిగి, గిన్నె కడిగేసి, ఏమీ ఎరగనట్టు పుస్తకం తెరిచాను.

అమ్మ లేచి చూసుకుని మురిసిపోయింది. "వదిన పెట్టిపోయిందే! ఎంత ప్రేమో చూడు!" గోడ అవతల నుంచి అత్త, "నేనెప్పుడొచ్చానూ?" అని ఒక్క క్షణం ఆగి, "ఆఁ ఆఁ, నేనే! ఎలా పండింది వదినా?" అంది. ఆ మెప్పు ఆవిడా వదులుకోదలుచుకోలేదు.

శుక్రవారం ఎర్రగా పండిన వేళ్లు మిషన్ మీద పెట్టాం. పదీ పోయాయి. ఒక్కదాన్నీ తీసుకోలేదు.

ఆ అమ్మాయి అమ్మ చేతులు పట్టుకుని చూసింది. "అయ్యో, గోరింటాకు పొర ఇంత మందంగా ఉంటే గీతలెలా దొరుకుతాయండీ? ఎవరండీ పెట్టింది?"

"మా వదినండీ. అభిమానం ఎక్కువ," అంది అమ్మ గర్వంగా.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చి చున్నీలో మొహం దాచుకున్నాను. నా సీటుకు నేనే అడ్డం పడ్డాను. నా భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాననుకుంది ఆ అమ్మాయి. వెంటనే ఎవరికో ఫోన్ చేసింది.

శనివారం ఆ అమ్మాయి స్కూటీ మీద పక్క ఊరికి వెళ్లి, వేళ్ల బదులు కంటిపాపని చూసి మనిషిని గుర్తుపట్టే మిషన్ అక్కడి సచివాలయంలో ఉంటే, దాన్ని అన్నం క్యారేజీ సంచిలో పెట్టుకుని తెచ్చింది. "కన్ను పెద్దది చేసి చూడండి అమ్మగారూ."

అమ్మ ఆ గొట్టంలోకి చూసి, "లోపల ఎవరున్నారే?" అంది నాతో. అంతే. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నన్ను చూసి అమ్మా నవ్వింది. నవ్వితే అమ్మ కళ్లు గీతలైపోతాయి. మిషన్ కీచుమని వద్దంది. మళ్లీ పెట్టాం, మళ్లీ నవ్వాం. గోడ మీద గడియారం నాలుగూ నలభై. చివరికి ఆ అమ్మాయి నన్ను గదిలోంచి బయటికి పంపి తలుపు వేసింది.

గుమ్మం బయట నిలబడి చెప్పుల వైపు చూస్తూ లెక్కపెట్టాను. అరవై దాకా వెళ్లానో లేదో, లోపల అమ్మ చప్పట్లు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి రసీదు కాగితం నా చేతిలో పెట్టింది. థాంక్సండీ అన్నాను, వినపడిందో లేదో తెలియదు. కాగితం గుండెకి ఆనించుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఏవండీ, మీరేనండీ! ప్రతి ఏడూ ఇలాగే రెన్యువల్ ఉంటుంది. వచ్చే ఏడు అమ్మగారిని నాన్నగారితో పంపండి, మీరు మాత్రం రాకండి."