వదిన చదివిన మొదటి పేజీ

ఈ ఉదయం టీ తాగుతూ ఫోను తెరిస్తే ఒక సందేశం కనపడింది. మీ బ్లాగుకి కొత్త రూపాలు సిద్ధంగా ఉన్నాయి, మార్చుకుంటారా అని అడుగుతోంది. కొత్త రూపాలంటే రంగు రంగుల పేజీలు, కదిలే బొమ్మలు, పక్కన రెండు మూడు గళ్ళు. ఒకప్పుడైతే టీ చల్లారినా పట్టించుకోకుండా అన్నీ నొక్కి చూసేవాణ్ణి. ఇప్పుడు వద్దని నొక్కేసి కప్పు పూర్తిచేశాను. నా బ్లాగులో తెల్లటి పేజీ, నల్లటి పెద్ద అక్షరాలు తప్ప ఇంకేమీ లేవు. అది ఇలా బోసిగా తయారైంది రెండేళ్ళ కిందటి వానాకాలంలో. అప్పటి సంగతి చెప్తాను.

అంతకు ముందు దాన్ని చూసినవాళ్ళు అదృష్టవంతులో కాదో నేను చెప్పలేను. హౌరా పక్కన లిలువా రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళు ఏ బొమ్మ ఇచ్చినా ముందుగదిలో గాజుబీరువాలో పెట్టి తీరాలి. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు మొదట బీరువాకేసే చూస్తారు. తామిచ్చింది కనపడకపోతే మూతి ముడుచుకుని, టీ సగంలో వదిలేసి లేస్తారు. అందుకని మా అన్నయ్య ఇంట్లో మూడు తాజ్ మహళ్ళు, ఒక ప్లాస్టిక్ హౌరా బ్రిడ్జి, కొబ్బరిచిప్పతో చేసిన కోతి ఒకే అరలో ఇరుక్కుని కాపురం చేసేవి. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను బ్లాగు పెట్టి, దాన్నీ అదే మర్యాదతో నడిపాను. మా వియ్యంకుడు గిర్రున తిరిగే ఓంకారం పంపాడు, పెట్టాను. పాత కొలీగు రాలే గులాబీలు పంపాడు, అవీ పెట్టాను. కింది ఫ్లాటు బెంగాలీ దాదా, దుర్గాపూజ పందిట్లో మోగే ఢాక్ అనే పెద్ద డోలు చప్పుడు రికార్డు చేసిచ్చి, పేజీ తెరవగానే మోగాలన్నాడు. పొద్దున లేస్తే ఎదురుపడే మనిషి, కాదనలేకపోయాను. వీటన్నిటి వెనక ముదురు కుంకుమరంగు, దాని మీద పసుపు అక్షరాలు. పసుపూ కుంకుమా శుభం కదా అని అది మాత్రం నేనే స్వయంగా ఎంచుకున్నాను.

ఆ వానాకాలంలో మా కోడలు ఇంటినుంచే పనిచేసేది. కరీంనగర్ పిల్ల. జనం ఫోనులో ఏది ఎక్కడుంటే తికమకపడకుండా వాడుకుంటారో తీర్చిదిద్దడమే ఆమె ఉద్యోగం. ఒకరోజు మధ్యాహ్నం ఢాక్ చప్పుడు విని గదిలోకొచ్చి నా భుజం మీదుగా చూసింది. మామగారి పరువు, వృత్తిధర్మం ఆమె ముఖంలో పోట్లాడుకోవడం నాకు కనపడింది. చివరికి "మామయ్యా, ఇది ఎవరు చదవాల్నని రాస్తున్నరు?" అంది. నేను తడుముకోకుండా మా వదిన పేరు చెప్పాను. "అయితే పెద్దత్తమ్మ ఫోన్‌ల ఎట్ల కనిపిస్తదో చూద్దాం. ఆదివారం పోదాం పట్టండి" అంది.

వదిన గురించి ఇక్కడ చెప్పాలి. అమ్మ పోయాక పదకొండేళ్ళవాణ్ణి లిలువా వచ్చి అన్నయ్య దగ్గర పడ్డాను. అన్నయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. నాకు అన్నంపెట్టి, తలంటి, స్కూలుకి పంపింది వదినే. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు అన్నయ్య జబ్బుచేసి పోయాడు. నెల తిరక్కుండానే వదిన నా ట్రంకుపెట్టె సర్ది, టికియాపారాలో అన్నయ్య స్నేహితుడి మెస్సుకి పొమ్మంది. పరీక్షలయ్యేదాకా ఇటువైపు రావద్దంది కూడా. ఎందుకని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. తరవాత ఆవిడకి వర్క్‌షాపు ఆఫీసులో మంచినీళ్ళిచ్చే ఉద్యోగం వచ్చింది, నేను బీకాం పాసయ్యి బ్యాంకులో చేరాను, ఆదివారాలు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ ఆదివారాలు నలభై ఏళ్ళ పైచిలుకు సాగాయి. కానీ ఆ ట్రంకుపెట్టె నా గుండెల్లోంచి దిగలేదు. బ్లాగు పెట్టగానే రాసిన మొదటి పోస్టు అదే. "అన్నయ్య పోయాక వదినకి నేను బరువయ్యాను" అని పచ్చిగా రాసేశాను. రాసి లింకు ఆవిడకే పంపాను. వాళ్ళింట్లో తెలుగు చదవగలిగింది ఆవిడొక్కతే, పిల్లలు మాట్లాడతారంతే. ఆ తరవాతి ఆదివారం భయపడుతూ వెళ్తే, "సదివినాను బాబూ, బాగుంది" అని ఇంకో రెండు గారెలు వడ్డించింది. క్షమించేసిందని ఒకరోజు, రాతిగుండె అని ఇంకోరోజు అనుకుంటూ అయిదేళ్ళు గడిపాను. ప్రతి పోస్టుకీ ఆవిడ అదే మాట అనేది.

ఆ ఆదివారం కోడలు వదిన ఫోనులో బ్లాగు తెరిచి ఆవిడ చేతికిచ్చి, పక్కన కూర్చుంది. నన్ను నోరు విప్పొద్దంది. అదే వాళ్ళ పనిలో పద్ధతట. చదివేవాళ్ళని వదిలేసి చూస్తూ ఉండాలట. ఢాక్ మోగింది. వదిన ఉలిక్కిపడి ఫోను మంచం మీద పడేసింది. పక్కింటి బెంగాలీ ఆవిడ కిటికీలోంచి తొంగిచూసి, "బౌదీ, పూజ అప్పుడే వచ్చేసిందా?" అని నవ్వింది. బెంగాలీలో బౌదీ అంటే వదినే. వదిన ఫోను మళ్ళీ తీసుకుని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఓంకారం అక్షరాలమీద తిరుగుతోంది. గులాబీని తుడిచెయ్యబోతే ఇంకేదో పేజీ వచ్చింది. "దీనికి మొదలెక్కడుంటాదమ్మా? పుస్తకమైతే మొదట్నుంచి సదువుకుంటాం" అంది కోడలితో. ఆ తరవాత నాకేసి చూసి, అలవాటుగా, "బాగుంది బాబూ" అంది. రోజూ పూజ పుస్తకం బిగ్గరగా చదువుకునే మనిషి, నా పేజీలో ఒక్క ముక్కా చదవలేదు. కోడలు మెల్లిగా, "ఇప్పటిదాకా ఒక్కటన్నా చదివిన్రా పెద్దత్తమ్మా?" అని అడిగింది. వదిన చీర కొంగు సర్దుకుంటూ, "ఆ పసుప్పచ్చని అచ్చరాలు నాకు అగుపడవమ్మా. సెప్తే బాబు నొచ్చుకుంటాడని..." అని ఆగిపోయింది.

తిరుగు లోకల్ రైల్లో కోడలు ఉత్సాహంగా ఏవేవో చెప్తూనే ఉంది. ఓంకారం, గులాబీలు, ఢాక్, సందర్శకుల లెక్క అన్నీ తీసేద్దాం, తెల్లటి పేజీ, పెద్ద అక్షరం, వరసకీ వరసకీ మధ్య చోటు. "పెద్దత్తమ్మ అడిగినట్టు 'మొదటి నుంచి చదవండి' అని ఒక గుర్తు పైన పెడత" అంది. మొదటి నుంచి అంటే ఆ పోస్టే. ఆవిడ అది చదవనూ లేదు, క్షమించనూ లేదు. అయిదేళ్ళు నా ఇష్టమొచ్చినట్టు ఊహించుకున్నాను. ఇప్పుడు కోడలు చేసిపెట్టే శుభ్రమైన పేజీ మీద, డెబ్బై అయిదు దాటిన వదిన మొట్టమొదట చదివేది తన గురించి నేను రాసిన ఆ నిష్ఠూరం.

ఓంకారం తీసేసినందుకు వియ్యంకుడికి ఏం చెప్పాలో ఆలోచించే తీరికే లేకపోయింది. మర్నాడు కోడల్ని పిలిచి, మొదటి పోస్టు కూడా తీసెయ్యమన్నాను. ఎందుకని అడగలేదు, సరేనంది. రెండు రోజులు హాయిగా ఉండాలి కదా, ఉండలేకపోయాను. నిజం ఒప్పుకుంటున్నాను. అది రాసిందే వదిన చదవాలని, చదివి బాధపడాలని. ఇప్పుడు చదవగలిగే రోజొచ్చేసరికి దాచేస్తున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. మూడోరోజు పొద్దున టీ దగ్గర, "ఆ మొదటిది మళ్ళీ పెట్టెయ్యమ్మా" అన్నాను. కోడలు నా ముఖం చూసి, "ఆమెకు కష్టమైతదేమో మామయ్యా" అంది. అంటే కోడలు ఆ పోస్టు చదివేసిందన్నమాట. "తెలుసు, పెట్టు" అన్నాను.

కొత్త పేజీ పెట్టిన మూడు రోజులదాకా లిలువా నుంచి ఫోను లేదు. నేనూ చెయ్యలేదు. నాలుగోరోజు వదినే చేసింది. "అచ్చరాలు ముత్యాల్లాగ ఉన్నాయి బాబూ. అన్నీ సదివినాను. రేపోసారి రా" అంది. గొంతు మామూలుగానే ఉంది. వెళ్తే గారెలు లేవు, టీ మాత్రం ఉంది. ఫోను ఎదురుగా బల్లమీద పెట్టుకుని కూర్చుంది.

"మా అన్న వాట్‌గంజ్‌లో ఓడలాగే డాకులో మేస్త్రీగా ఉండీవోడు, గేపకం ఉందా? మీ అన్న పోయిన పదోరోజు వొచ్చి, కుర్రోణ్ణి సదువు మానిపించీసి నాతో పంపీ, డాకులో ఏసీస్తాను, నీ పిల్లలికి కూడుంటాది అన్నాడు. అందరూ అదే మంచిదన్నారు. మీ అన్నేమో నిన్ను సదివించమని సెప్పి పోయినాడు. నానేటి సెయ్యాలి? రేత్రికి రేత్రే పెట్టి సద్దీసి, పొద్దున్నే నిన్ను తగిలీసినాను. పరీచ్చలయిందాకా మా అన్న ఇక్కడే కూకున్నాడు, నువ్వెక్కడున్నావో సెప్పమని. అందుకే రావొద్దన్నాను."

"నాకు చెప్పలేదేం వదినా?" అన్నాను.

"సెప్తే నువ్వు ఉంటావేటి? పిల్లలికి కూడు అనీసరికి పెట్టి నెత్తినెట్టుకుని డాక్‌కి ఎల్పోయీవోడివి. నీ సంగతి నాకు తెల్దా?"

ఆవిడన్నది నిజం. వెళ్ళిపోయేవాణ్ణే. నేను ఏడ్చాను, అరవై అయిదేళ్ళవాణ్ణి, ఆవిడ ఎదురుగా కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. కాసేపయ్యాక, ఆ పోస్టు ఇప్పుడే తీయించేస్తానని ఫోను అందుకోబోతే నా చెయ్యి పట్టుకుంది. "తియ్యకు. నీకు అప్పుడు అలగే అనిపించింది కదా. ఉండనీ. దాని కింద నాను సెప్పింది రాసీ" అంది. ఆవిడ చెప్తుంటే అక్కడే కూర్చుని రాశాను. ఒక్కో వాక్యం నాచేత మళ్ళీ చదివించుకుని, ఒకచోట మాత్రం తన అన్న మరీ చెడ్డవాడు కాదని చేర్చమంది.

ఆవిడ చెప్పింది రాసేసరికి ఏడు వాక్యాలయింది. ప్రతి ఆదివారం ఆవిడ వడ్డించినవి తింటూ, ఆ ఏడు వాక్యాలకి రెండడుగుల దూరంలో నలభై ఏళ్ళు కూర్చున్నాను. ఎందుకు పంపావు వదినా అని అడగడానికి ఒక్క నిమిషం చాలేది. అడక్కుండా ఉండడానికి ఒక జీవితం పట్టింది.