రిపోర్టులన్నీ నార్మలే

మా క్యాబ్ అన్న పోయిన మంగళవారం చనిపోయాడు. ట్రాన్స్‌పోర్ట్ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇంతే: "మీ రూటుకు ఇప్పుడు వస్తున్న డ్రైవరే ఇకపై కొనసాగుతాడు." ఎందుకని అడిగితే "ఎక్స్‌పైర్డ్" అని ఒక్క మాట రాశారు. మందుల సీసాకు వాడే మాట. ఆరేళ్లు మమ్మల్ని కొండాపూర్ నుంచి ఆఫీసుకు చేర్చిన మనిషికి అదే చాలనుకున్నారు.

అన్న ఊరు నల్గొండ వైపు. ఎవరికి ముందు సీటు కావాలో, ఎవరికి ఏసీ పడదో అడక్కుండానే గుర్తుపెట్టుకునేవాడు. ఫ్లైఓవర్ కింద ఇరుక్కుని మేము టైమ్ చూసుకుంటుంటే, "జర ఆగుర్రి మేడం, మీ లాగిన్ ఏడికి వోదు" అనేవాడు. నాకు కోపం వచ్చేది, వెంటనే నవ్వూ వచ్చేది. నేను కడుపుతో ఉన్నన్నాళ్లూ గతుకుల దారి మానేసి చుట్టు తిరిగి తీసుకెళ్లాడు. ఆ సంగతి తను చెప్పలేదు, నేనే కనిపెట్టాను.

మూడేళ్ల కిందట ఆఫీసుకు క్యాబ్‌లు నడిపే కాంట్రాక్టరు తన డ్రైవర్లందరికీ ఏటా షుగర్ పరీక్ష పెట్టాడు. పరగడుపున కాస్త రక్తం, కాగితం మీద ఒక్క అంకె. అది ఎక్కువుంటే బండి దిగాల్సిందే.

"నాకు షుగర్ ఉంది మేడం. తీసేస్తరు. పిల్ల ఇంటర్ల ఉన్నది," అన్నాడు అన్న.

ఉపాయం చెప్పింది నేనే. విజయవాడలో మా నాన్నగారు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు అలాగే చేసేవారు. "మూడు రోజులు అన్నం మానేయండి అన్నా. మజ్జిగ తాగి పడుకోండి, పొద్దున్నే బాగా నడవండి. దిగిపోతుంది," అన్నాను. దిగింది. అన్న మా అందరికీ జిలేబీలు తెచ్చి, తనూ రెండు తిన్నాడు. "నార్మలే వచ్చింది గద మేడం" అని షుగర్ మాత్రలు కూడా మానేశాడు. ఆ మాట విని కూడా నేను ఊరుకున్నాను. తర్వాత రెండేళ్లూ అదే తంతు.

ఈ మధ్య అన్న పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. కూర్చునే పని కదా అనుకున్నాం. మధ్యాహ్నం పార్కింగ్‌లో సీటు నిటారుగా పెట్టుకుని కునికేవాడు. వెనక్కి వాల్చుకోవచ్చుగా అంటే, "వాలితే దమ్ము ఆడ్తలేదు మేడం, గిట్లనే మంచిగుంది" అన్నాడు. ఛాతీలో నొప్పి లేదన్నాడు. నొప్పి లేనిదే గుండె జబ్బు ఉండదని నా అజ్ఞానం.

అన్నను దవాఖానలో చేర్చినప్పుడు వెళ్లాను. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినదట. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే, రక్తనాళాలు పూడుకోకపోయినా గుండె కండరం బిరుసెక్కి నీరసించిపోవచ్చట. నరాలు మొద్దుబారితే నొప్పి కూడా తెలియదట. "మూడు నెలల సగటు తెలిసే పరీక్ష ఎప్పుడైనా చేయించారా?" అని అడిగింది.

ఒక్క అంకెతో మనిషిని కొలిచిన కాంట్రాక్టరు మీద నాకు మండుతోంది. ఆ అంకెను దొంగదారిన దించడం నేర్పిన నా మీద అంతకన్నా మండుతోంది.

నిన్న నిజాంపేటలో వాళ్లింటికి వెళ్లాను. అన్న భార్య నా చేతులు పట్టుకుంది. "మీరు చెప్పినట్టే చేసిండమ్మా. మీ వల్లనే మూడేండ్లు నౌకరి నిలబడ్డది," అంది. తర్వాత బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి, మూడు కాగితాలు నా ముందు వరసగా పరిచింది.

"అన్నీ నార్మలే ఉన్నయి గదమ్మా. మరి గుండెకేమైంది?"

జవాబు నాకు తెలుసు. ఆమె నా మొహంలోకే చూస్తోంది. వేలు మాత్రం మూడో కాగితంలోని అంకె మీదే ఉంది.