ఓడ కేసెట్‌లో తెగిపోయిన ముక్క

మా ప్రయోగశాలలో కొలత పరికరాలు తుడవడానికి వాడే స్పిరిట్ సీసా మూత తీసినప్పుడల్లా, చల్లగా ముక్కుకు తగిలి క్షణంలో ఆరిపోయే ఆ వాసన వెంట కోటబొమ్మాళిలోని మా పెంకుటింటి నడవ, అక్కడ గోనెపట్టా మీద గుట్టగా పోసిన వేరుశనగ కాయలు, పక్కనే పీట మీద పెట్టిన టేప్ రికార్డరు వరసగా గుర్తుకొస్తాయి. మా చిన్నాన్న సరుకుల ఓడలో పనిచేసేవాడు. సెలవుకు వచ్చినన్నాళ్లూ, టేపు తగిలే చోటును దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే గానీ రికార్డరులో కేసెట్ పెట్టనిచ్చేవాడు కాదు.

ఒక వేసవిలో ఆయన తెచ్చిన కేసెట్‌కు అట్ట లేదు, పేరు లేదు. ఏదో రేవులో తోటి నావికుడు ఇచ్చాడట. భాష ఇంగ్లీషేనని చిన్నాన్న చెప్పాడు గానీ, మా బడిలో నేర్పే ఇంగ్లీషుకూ దానికీ ఏ చుట్టరికమూ కనబడలేదు. పల్లెపాటలాంటి వరసను ఒక ఫిడేలు ఎత్తుకునేది, వేణువు దాన్ని అందుకునేది, అడుగున కరెంటు గిటారు బొంగురుగా గరగరలాడుతుండగా డ్రమ్ములు వచ్చి అన్నింటినీ కలిపి ముందుకు తోసేవి. జానపద బాణీలను రాక్ వాయిద్యాలతో కలిపిన ఆల్బమ్ అని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాకది ఓడ కేసెట్, అంతే.

అది విత్తనాల కాలం. విత్తనానికి తీసే పప్పును చేత్తోనే ఒలవాలి. కర్రతో కొడితే పై పొర చిట్లి మొలక రాదు. అందుకని మధ్యాహ్నపు ఎండ వేళంతా ఆడవాళ్లూ పిల్లలూ నడవలో చేరి, చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ ముక్క, మధ్యమధ్య తాటి ముంజలతో కడుపు చల్లబరచుకుంటూ, కాయలను బొటనవేలితో నొక్కి ఒలిచేవాళ్లం. టేపు తిరుగుతుంటే కాయలు పగిలే చప్పుడు దానంతటదే తాళంలో పడేది. నాన్న పాటలు వినడం లేదన్నట్టు అరుగు మీద అటు తిరిగి కూర్చుని గోగునారతో తాడు పేనేవాడు. పాదం మాత్రం ఆడుతూ ఉండేది. ఒకరోజు డ్రమ్ముల ముక్క కాగానే తల తిప్పకుండానే తీర్పు చెప్పాడు.

“ఈడు మన తప్పెటగుళ్లోడే. కాపోతే కూకుని కొడతన్నాడు, గెంతమంటే ఆయాసపడిపోతాడు.” మా వైపు తప్పెటగుళ్ల వాళ్లు రొమ్ముకు తప్పెట కట్టుకుని గెంతుతూ వాయిస్తారు.

పాటలకు పేర్లు పెట్టింది మా అత్త, నాన్నకు అక్క. పక్కింట్లోనే ఉండేది, పొలంలో ఊడుపులప్పుడు పాట ఎత్తుకునేది ఆవిడే. ఒకటి బండి పాట, ఒకటి ఊడుపుల పాట. ఆవిడకు ప్రాణమైనది సరుగుడు పాట. అందులో మాటలు అయిపోయాక ఫిడేలు ఒంటరిగా చాలాసేపు సాగుతుంది. అది భావనపాడు సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలో గాలి మోతలా ఉంటుందని ఆవిడ అనేది. చిన్నాన్న సెలవు ముగిసేసరికి అత్తకు ఒకటే దిగులు పట్టుకుంది.

“ఒరే, నువ్వెల్లు, కేసెట్టు ఇక్కడొగ్గీ. నీకక్కడ సూసుకోడానికి సముద్రం ఉన్నాది కదా.”

“నాకూ అదొక్కటే కాలక్షేపం అక్కా. కాపీ కొట్టించి ఇస్తాను, ఏడవకు,” అన్నాడు చిన్నాన్న.

స్టేషను దారిలోని రికార్డింగు దుకాణంలో నకలు తీయించి, ఇంట్లో ఇచ్చేసి, అసలుతో రైలెక్కేశాడు. సాయంత్రం మేం నకలు పెట్టాం. సరుగుడు పాటలో మాటలు అయిపోయాయి. ఫిడేలు రావలసిన చోట, దభీమని తరువాతి పాట డ్రమ్ములు మోగాయి. అత్త చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. పెళ్లిళ్లకు సినిమా పాటలు ఎక్కించి ఇవ్వడం అలవాటైన ఆ దుకాణదారుకు తన తప్పేమిటో అర్థం కాలేదు.

“మాటలైపోనాయి కదా బాబూ, పాటైపోనట్టే. ఉత్త వాయింపుడికి టేపెందుకు తగలెయ్యడం? మిగిలిన జాగాలో మంచి సినిమా పాటలేసినాను, ఇనండి!”

“ఆడి సినిమా పాటలు ఆడినే ఇనమను,” అంది అత్త, మేం ఇంటికొచ్చి చెప్పగానే.

తరువాతి సెలవుకు చిన్నాన్న వచ్చేటప్పటికి అసలు కేసెట్ ఓడలో చేతులు మారి ఎటో పోయింది. అప్పటికే మా ఇంట్లో ఒక పద్ధతి స్థిరపడింది. సరుగుడు పాటలో మాటలు ముగియగానే నేను టేపును నిలిపేదాన్ని, తెగిపోయిన ఫిడేలు ముక్కను అందరూ నోటితో పాడేవాళ్లు, అది పూర్తయ్యాక మళ్లీ టేపు నడిపేదాన్ని. తగవల్లా అది ఎలా ముగుస్తుందన్న దగ్గరే. కిందికి దిగి ఆగిపోతుందని అమ్మ. దిగి మరోసారి పైకెక్కుతుందని అత్త.

“గాలి ఒక్కపాలి ఇసిరి ఊరుకుంటాదేటే?”

“వాయించినోడు గాలి కాదు కదా వదినా, మనిషి. ఆడికి సెయ్యి నొప్పెట్టదా?”

ఎవరూ తగ్గలేదు. అమ్మ తనకు తెలిసిన చోట ఆపేసి కాయలు ఒలుచుకునేది. అక్కడి నుంచి అత్త ఒక్కతే, కళ్లు మూసుకుని, గొంతు సన్నం చేసి పైకి ఎక్కేది. ఆ ఎక్కడంలో ఆవిడ పొలంలో ఎత్తుకునే ఊడుపుల పాట విరుపు ఒకటి ఉండేది. నడవంతా కాయల చప్పుడు ఆపి వినేది. అమ్మ కూడా.

నిరుడు ఒక సహోద్యోగి ఫోనులో ఏదో పెట్టుకుని వింటుంటే, మొదటి ఫిడేలు విరుపుకే లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లకు ఆ ఆల్బమ్ పేరు తెలిసింది. పాటలు వరస తప్పకుండా ఉన్నాయి, పాత టేపు రొద లేదు, ఏ ముక్కా తెగలేదు. సరుగుడు పాట చివర ఫిడేలు కిందికి దిగి, ఆగిపోతుంది. పదేపదే విని చూశాను. అమ్మ పోయి అప్పటికి చాలాకాలమైంది.

అత్త ఇప్పుడు చీపురుపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. వెళ్లి ఫోను చెవి దగ్గర పెట్టాను. ఫిడేలు దిగింది, ఆగింది. ఆవిడ పైకెక్కే ముక్క కోసం ఎదురు చూసింది. తరువాతి పాట మొదలైంది.

“మీ అమ్మే గెలిసింది,” అంది. “ఉన్నప్పుడు తెలిసుంటే బాగున్ను. ఎంత ఎగిరీదో.”

ఇప్పుడు పప్పు యంత్రాల మీద ఒలుస్తున్నారు. గోగునార తాడు పేనేవాళ్లు మా వైపు కనబడడం లేదు. నాకు అవి కావు కావలసినవి. అత్తా, నీ ముక్క ఒక్కసారి పాడు, ఫోనులో పట్టుకుంటానన్నాను.

“తప్పని తెలిసినాక ఏటి పాడతానే?” అని, పాటను మళ్లీ పెట్టమంది. ఈసారి ఫిడేలుతో పాటు సన్నగా కూనిరాగం తీస్తూ కిందికి దిగి, అమ్మ ఆపే చోటే ఆపింది.