గుమ్మం మీద మట్టి గూడు

మా వీధిలో ఎవరింట్లో కందిరీగలు పట్టినా నన్నే పిలుస్తారు. రాయగడలో నాకు ఆ పేరు పడిపోయింది. కందిరీగను ఒడియా వాళ్లు బిరుడి అంటారు కదా, వాళ్ల పిల్లలకి నేను బిరుడి మావుసీని, అంటే కందిరీగల పిన్నిని. చూరు కింద గొడుగులా వేలాడే గూడు దించడం పెద్ద విద్యేమీ కాదు. పొద్దు వాలేదాకా ఓపిక పట్టాలి. అన్నీ గూటికి చేరాక మా ఆయన వానకోటు నేను తొడుక్కుని, ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని, వేపాకు పొగ బెట్టి, కింద గోనెసంచి పట్టి ఒక్క గీకు గీకడమే. తర్వాత కిరసనాయిలు గుడ్డతో ఆ చోటు తుడిచేస్తాను. పట్టపగలు కర్రతో కొట్టి ముఖం వాచేలా కుట్టించుకునే మగవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తేనెటీగల జోలికి మాత్రం పోను. కాశీపూర్ కొండల నుంచి సంతకు వచ్చేవాళ్లకి చెబితే వాళ్లే వచ్చి తేనె తీసుకుని పట్టు దించిపెడతారు.

గోడ మీద మట్టితో కట్టిన గూడైనా అంతే, నేను చెయ్యి పెట్టను. మొన్న పక్కవీధి ఆవిడ, "అవి కుట్టను కూడా కుట్టవు, నీకదో లెక్కా?" అంది. నిజమే, ఆ పురుగు పాపం ఎవర్నీ ఏమీ అనదు. అయినా నావల్ల కాదన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

మా పెళ్లయి ఆరేళ్లయినా నాకు పిల్లల్లేరు. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్లం. మా ఆయన మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. మా అత్త అదే మున్సిపాలిటీలో వీధులూడ్చి రిటైరైంది. రేకుల ఇల్లు. ఓ ఎండాకాలం, వంటగదికీ నడిమి గదికీ మధ్య గుమ్మం మీద ఓ కందిరీగ మట్టి ఉండలు తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది. ముందు చూసింది మా అత్తే.

"అమ్మీ, సూసేవేటి? గూడు కడతంది! ఇంక మన ఇంట్లో నీళ్లోసుకుంతారు. ఎవులూ దాన్ని ముట్టుకోకండి. బూజుకర్ర ఆ పక్కకి తేకు" అంది.

మావైపు ఈ నమ్మకం అందరికీ ఉంది. మట్టి గూడు కట్టిన ఇంట్లో ఆడది కడుపుతో ఉంటుందని. కట్టుకుంటే కట్టుకోనీ అని నేనూ ఊరుకున్నాను. కానీ మా అత్త ఆ సంగతి వీధంతా చాటింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు గుమ్మం మీదకి చూసేవారు, తర్వాత నా కడుపుకేసి చూసేవారు. కొన్నాళ్లకి మా ఇంట్లో నాకన్నా ఆ గూటికే మర్యాద ఎక్కువైంది. అసలే నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. పళ్లు కొరుక్కుంటూ తిరిగేదాన్ని.

ఓ రోజు మా అత్త సంతకు వెళ్లింది. వీధి కొళాయి దగ్గర తెలిసిన ఒకావిడ కరివేపాకు కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి తల పైకెత్తింది. "గూడు కట్టి నెల దాటిపోనాది గదమ్మా, నీకింకా ఏటీ నేదేటి?" అంది. కరివేపాకు చేతిలో పెట్టి పంపేశాను. పొయ్యి మీద అట్టు ఉంది. అట్లకాడ తీసుకుని, పీట ఎక్కి, ఆ గూటిని ఒక్క దెబ్బ కొట్టాను.

గూడు పగిలి నేల మీద పడింది. లోపల చిన్న చిన్న అరలు, ఆ అరల నిండా ఆకుపచ్చ గొంగళిపురుగులు. చచ్చినవి కావు, బతికే ఉన్నాయి, కదలడంలేదంతే. ఒక అరలో బియ్యపు గింజంత తెల్లటి పిల్ల ఉంది. దాని తిండికే తల్లి అవన్నీ పోగుచేసి పెట్టిందన్నమాట. నేను చూస్తుండగానే తల్లి కందిరీగ నోట మట్టి ఉండతో వచ్చింది. ఖాళీ గోడ మీద అటూ ఇటూ పాకింది. ఎగిరింది, మళ్లీ వచ్చింది. నన్ను కుట్టి ఉంటే బాగుండేది. కుట్టలేదు, గోడంతా వెతుక్కుంటూనే ఉంది.

అప్పుడు నాకు భయమేసింది. తులసికోటలో మట్టి తడిపి తెచ్చి, గుమ్మం మీద మెత్తి, బొటనవేలితో నొక్కి నొక్కి గూడులా చేశాను. కింద పడినదంతా ఊడ్చి పారబోశాను. మా అత్త సంత నుంచి వచ్చి, సంచి దించి, రోజూ చూసినట్టే పైకి చూసింది. ఆ రోజు కొంచెంసేపు ఎక్కువే చూసింది. "ఎండ మండిపోతంది. కాళ్లు కడుక్కొనొత్తాను, అన్నం ఎట్టమ్మీ" అంది. నా గుండె కుదుటపడింది.

పది రోజుల తర్వాత ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి వెళితే రెండో నెల అన్నారు. అంటే గూడు కొట్టిన రోజుకే నేను కడుపుతో ఉన్నాను. మా ఆయన డ్యూటీ దిగి రోజూ జామకాయలు పట్టుకొచ్చేవాడు. అంత నవ్వు ఆ మనిషి ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. మా అత్త పీట ఎక్కి ఆ దొంగ గూటికి పసుపూ కుంకుమా పెట్టింది. నేను వంటగదిలో తల వంచుకుని కూరగాయలు తరిగాను.

మూడో నెల దాటకుండానే పోయింది. డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, మొదటి నెలల్లో ఇలా జరుగుతూనే ఉంటుందనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ చెప్పింది. మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆరేళ్లు ఎదురుచూసిన మనిషి. తల ఊపినంత మాత్రాన ఆ దుఃఖం ఎక్కడికి పోతుంది?

మూడో రోజు, గుడారి ఊళ్లో కాపురముంటున్న మా ఆడబిడ్డ వచ్చింది. నేను నడిమి గదిలో మంచం మీద పడుకుని ఉన్నాను. ఆమె గుమ్మం దగ్గర ఆగి, పైకి చూసి, వేలితో తడిమింది.

"అమ్మా, ఇది పురుగు కట్టింది కాదే. ఇదిగో, మనిసి ఏలిముద్ర!"

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఎవులు కొట్టీసేరు?" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ, ఆ గొంతు నేనెరగనిది. వంటగదిలోంచి మా అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నానే. బూజు దులపతంటే కర్ర తగిలి రాలిపోనాది. బయ్యమేసి మట్టెట్టీసేను" అంది.

"ఎంత పని సేసేవే అమ్మా!" అని ఆడబిడ్డ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. మా ఆయన పీట ఎక్కి ఆ మట్టంతా గీకేశాడు. ఏళ్ల తరబడి చీపురు పట్టిన మా అత్త బొటనవేలు నా వేలికి రెండింతలుంటుంది. పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది. ఎవరూ చూడలేదు.

మర్నాడు వంటగదిలో ఆమె కాళ్ల దగ్గర కూలబడి, అట్లకాడతో కొట్టింది నేనేనని చెప్పేశాను. "ఎందుకలా సెప్పేవు అత్తా? నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మెల్లగా మాటాడు. సంత నుంచొచ్చిన రోజే తెలిసింది. పురుగు కట్టిన గూటికి కన్నం ఉంతాది. నువ్వు కన్నం ఎట్టడం మర్సిపోనావు."

"మరి బొట్టెందుకెట్టేవు?"

"ఆడు సూత్తన్నాడు గదా" అంది. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "నామీద కోపమొస్తే ఏటవుద్ది? నాలుగు రోజులు మాటాడడు. కన్నతల్లిని, ఒగ్గేత్తాడేటి? నీకలగ కాదమ్మీ. నువ్వు ఆడితో బతకాల" అంది.

ఆ నాలుగు రోజులు తొమ్మిదేళ్లయ్యాయి. మా ఆయన ఆమెతో పోట్లాడలేదు, మందులు తెచ్చాడు, కొత్త చీరలు తెచ్చాడు. అమ్మా అని పిలవడం మాత్రం మానేశాడు. రెండేళ్లకి, గోడ మీద ఏ గూడూ లేకుండానే, మాకు కూతురు పుట్టింది. దానికి మాటలొచ్చాక, "నాయనమ్మని తినమను" అని దానిచేత చెప్పించేవాడు. మా అత్త తినేది. నేను వీధిలో ఎవరి మీదైనా నోరు పెద్దది చేస్తే, "అట్లకాడ దాసీయండ్రా, మా కోడలికి కోపమొచ్చింది" అని అందర్నీ నవ్వించేది. ఆ మాట లోపల ఏముందో మా ఇద్దరికే తెలుసు.

ఎందుకు చెప్పలేదు? మొదట భయం. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతాడన్న భయం. ఇంకేమీ లేదు. వీధిలో అందరి మీదా గయ్యిమనే నేను ఇంట్లో పిరికిదాన్ని. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది. పోయిన వానాకాలం జ్వరంతో ఆమె పోయింది. పాడె లేపేటప్పుడు మా ఆయన ఒక్కసారి "అమ్మా" అన్నాడు. అప్పుడూ నేను నోరు మెదపలేదు.

ఈ నెల అదే గుమ్మం మీద మళ్లీ మట్టి గూడు వెలిసింది. మా ఆయన కింద నిలబడి చాలాసేపు చూశాడు. నువ్వు తీసేస్తావా అని అడిగాను.

"ఉండనీ. ఈసారి కొట్టీడానికి ఆవిడ నేదు గదా" అన్నాడు.

ఆ మాట విని నేను కూతురి పాత నోట్సు పుస్తకం తీసి ఇదంతా రాయడం మొదలుపెట్టాను. పార్వతీపురంలో పదో తరగతి దాకా తెలుగులో చదివాను. ఆయన చదివింది ఒడియా బడిలో, తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. ఆయన కళ్లెదుటే పుస్తకం తెరిచి పెట్టుకుని నాలుగు రోజులుగా ధైర్యంగా రాస్తున్నానంటే అందుకే. ఇదీ ఒకరకంగా దాక్కోవడమే.

ఇందాక డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పుతూ, "ఏటి రాస్తన్నావు రోజూ?" అన్నాడు.

"మీ అమ్మ గురించి. కూకో, సదువుతాను" అన్నాను.

ఆయన గుమ్మం కింద పీట వేసుకుని కూర్చున్నాడు. పైన కందిరీగ మట్టి పెడుతూనే ఉంది. నేను మొదటి పేజీ తీయలేదు. తిన్నగా అట్లకాడ సంగతి ఉన్న పేజీ తీశాను.